ఐవీఎఫ్‌లో ఏది ఎంచుకోవాలి? ఇక్సీ, డే-5, ఫ్రీజింగ్, జన్యు పరీక్షల మీద ట్రయల్స్ చెప్పిన లెక్కలు

ఐవీఎఫ్ మొదలుపెట్టిన జంట చేతికి తొలి విజిట్లలోనే ఒక ఫారం వస్తుంది. ఇక్సీ (ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి) కావాలా, ఎంబ్రియోను, అంటే అండం, శుక్రకణం కలిసి ఏర్పడిన పిండాన్ని, ఐదో రోజు దాకా పెంచాలా, అన్నీ ఫ్రీజ్ చేసి తర్వాత పెట్టాలా, జన్యు పరీక్ష చేయించాలా, కెమెరా ఉన్న ఇంక్యుబేటర్ తీసుకుంటారా, గర్భసంచి లోపలి పొరకు ఇంకో టెస్టు చేద్దామా అని వరసగా గళ్లు ఉంటాయి. డాక్టరుతో మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలు. ఇంటికొచ్చి వెతికితే ఒక్కోదాని గురించి తలో మాట. ఆ టెన్షన్‌లో చాలామంది "అన్నిటికీ టిక్ పెట్టేద్దాం, ఏదో ఒకటి కలిసొస్తుంది" అనుకుంటారు.

టిక్ పెట్టే ముందు ఆ ఫారంలో ఉన్నవాటిని మూడు కుప్పలుగా వేసుకుని చూడండి. మొదటి కుప్పలోవి అండం, శుక్రకణం కలవడానికీ, కలిశాక ఎంబ్రియో పాడవకుండా ఉండటానికీ పనికొచ్చేవి. రెండో కుప్పలోవి తల్లికీ బిడ్డకీ ప్రమాదం తగ్గించేవి. మూడో కుప్ప అన్నిటికంటే పెద్దది: చేతిలో ఉన్న ఎంబ్రియోల్లో ముందు దేన్ని పెట్టాలో చెప్పేవి. ఇవి క్యూలో ముందు ఎవరు నిలబడాలో తేలుస్తాయంతే, క్యూలో మనుషులను పెంచవు. నాలుగు ఎంబ్రియోలుంటే ఏ పద్ధతిలో ఎంచినా ఉన్నవి ఆ నాలుగే. మంచి ఎంపిక వల్ల గర్భం త్వరగా రావచ్చు, మధ్యలో పోయే గర్భాలు తగ్గొచ్చు. ఆ నాలుగూ వాడేసరికి బిడ్డ పుట్టే అవకాశం మాత్రం పెరగడానికి కారణమే లేదు. గత ఇరవై ఏళ్లలో వచ్చిన పెద్ద ట్రయల్స్‌ను, అంటే జంటలను గుంపులుగా విడదీసి పద్ధతులను పోల్చిన అధ్యయనాలను, ఈ కళ్లతో చూస్తే వాటి ఫలితాలు అంత ఆశ్చర్యంగా అనిపించవు.

ముందు, శాతం దేని మీద లెక్కేశారో అడగండి

వందమందికి అండాలు తీశారనుకోండి. జన్యు పరీక్షలో పాసైన ఎంబ్రియో అరవైమందికే దొరికింది. వాళ్లలో ముప్పై ఆరుమందికి బిడ్డ పుట్టింది. "మా సక్సెస్ రేటు 60 శాతం" అని చెప్పినా అబద్ధం కాదు, ఎందుకంటే అది ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ల, అంటే ఎంబ్రియోను గర్భసంచిలో పెట్టించుకున్నవాళ్ల, మీద లెక్క. ఇంజెక్షన్లు వేయించుకున్న వందమంది లెక్కలో మాత్రం అది 36 శాతమే. మిగిలిన నలభైమంది ఎక్కడా కనిపించరు.

అందుకని ఏ రెండు పద్ధతులను పోల్చాలన్నా ఒకే ప్రశ్న వేయాలి: ఒకసారి అండాలు తీశాక, అందులోంచి వచ్చిన తాజా, ఫ్రోజెన్ ఎంబ్రియోలన్నీ వాడేసరికి ఎంతమందికి బిడ్డ పుట్టింది? బీటా (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చినవాళ్ల శాతం, హార్ట్‌బీట్ కనిపించినవాళ్ల శాతం వేరు. బ్రోచర్‌లో ఏది రాశారో కింద చిన్న అక్షరాల్లో చూడండి.

మామూలు ఐవీఎఫా, ఇక్సీయా?

మామూలు ఐవీఎఫ్‌లో అండాలున్న డిష్‌లో శుక్రకణాలను వదులుతారు, మిగతా పని అవే చూసుకుంటాయి. 1978 జూలై 25న పుట్టిన తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ నుంచి చాలా ఏళ్లపాటు ఉన్నది ఈ ఒక్క దారే. వీర్యం మరీ బలహీనంగా ఉన్న మగవాళ్లకు అది పనికిరాలేదు. 1992లో బ్రసెల్స్‌లో పాలెర్మో బృందం ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించి గర్భాలు వచ్చాయని ప్రకటించాక కథ మారింది. అదే ఇక్సీ.

ఇక్సీ బల్ల దగ్గర జరిగేది దగ్గరగా చూస్తే ఎంపిక కొంచెం తేలికవుతుంది. తీసిన అండం చుట్టూ గుబురుగా కణాలు అంటుకుని ఉంటాయి. ఎంజైమ్ కలిపిన ద్రవంలో ముంచి, సన్నటి పిపెట్లలోకి లాగుతూ వదులుతూ వాటిని ఒలిచేస్తారు. అప్పుడుగానీ ఏ అండం పక్వానికొచ్చిందో తెలియదు. పోలార్ బాడీ అనే చిన్న బుడగ బయటికి వచ్చి ఉంటే పక్వమైనట్టు. అలాంటివాటికే సూది వేస్తారు. మైక్రోస్కోప్ కింద ఒక పిపెట్ అండాన్ని పట్టి ఉంచుతుంది, పోలార్ బాడీ పైకో కిందికో ఉండేలా తిప్పుతారు, లోపల నిర్మాణానికి సూది తగలకుండా. రెండో వైపు సూదిలో తోక నలిపి కదలకుండా చేసిన ఒకే ఒక శుక్రకణం. గుచ్చడంలో కొన్ని అండాలు చితికిపోతాయి కూడా. మర్నాడు, అంటే 16 నుంచి 18 గంటల తర్వాత, లోపల రెండు గుండ్రటి ప్రోన్యూక్లియస్‌లు పక్కపక్కన కనిపిస్తే ఫలదీకరణ జరిగినట్టు.

ఇంత పనితనం ఉన్నది కాబట్టి ఇదే మేలని అనిపించడం సహజం. వీర్యం బాగున్నవాళ్లలో అలా తేలలేదు. వియత్నాంలో 1,064 జంటల మీద జరిగి 2021లో వచ్చిన ట్రయల్‌లో మగవాళ్లందరికీ కౌంట్, కదలిక మామూలుగానే ఉన్నాయి. తొలి ట్రాన్స్‌ఫర్ తర్వాత బిడ్డ పుట్టినవాళ్లు ఇక్సీలో 35 శాతం, మామూలు ఐవీఎఫ్‌లో 31 శాతం. గణాంకాల ప్రకారం ఆ తేడా లెక్కలోకి రాదు. అందరూ భయపడే "ఒక్క అండం కూడా ఫలదీకరణ కాకపోవడం" ఇక్సీలో 5 శాతం, మామూలు పద్ధతిలో 6 శాతం. ఇంకో అడుగు ముందుకేసి చైనాలో వీర్యం కొంచెం తక్కువగా ఉన్న, అంటే మరీ తీవ్రం కాని 2,387 జంటల మీద చూశారు. 2024లో వచ్చిన ఆ ఫలితంలో ఇక్సీ 33.8 శాతం, మామూలు ఐవీఎఫ్ 36.6 శాతం. అక్కడా ఇక్సీకి పైచేయి రాలేదు.

కాబట్టి కౌంట్ బాగా తక్కువైనా, వృషణం నుంచి సర్జరీతో శుక్రకణాలు తీయాల్సొచ్చినా, ఇంతకుముందు సైకిల్‌లో ఫలదీకరణ ఫెయిలైనా, ఫ్రీజ్ చేసిన అండాలు వాడుతున్నా ఇక్సీ పెట్టుకోండి, ఆలోచించక్కర్లేదు. (ఫ్రీజింగ్‌కి ముందే చుట్టూ కణాలు ఒలిచేస్తారు కాబట్టి అలాంటి అండాలకు సూదే దిక్కు.) రిపోర్ట్ నార్మల్‌గా ఉండి కూడా "మా దగ్గర అందరికీ ఇక్సీయే" అంటే, ఎందుకని అడగడం తప్పు కాదు. కారణం తెలియని సంతానలేమిలో, అండాలు తగినన్ని ఉంటే సగం అటు సగం ఇటు వేయించుకోవడం నాకు తెలివైన మధ్యేమార్గంగా కనిపిస్తుంది. తర్వాతి సైకిల్‌కి అదే ఒక సమాచారం.

అండం చుట్టూ ఉండే హయలురోనాన్ అనే పదార్థానికి అంటుకునే శుక్రకణాలనే ఎంచి ఇక్సీ చేసే పిక్సీ సంగతి ఒక్క మాటలో: బ్రిటన్‌లో 2,752 జంటల మీద జరిగిన ట్రయల్ 2019లో వచ్చింది, బిడ్డ పుట్టింది పిక్సీలో 27.4, మామూలు ఇక్సీలో 25.2 శాతానికి, ఆ తేడా లెక్కలోకి రాలేదు. గర్భస్రావాలు మాత్రం 7 నుంచి 4.3 శాతానికి తగ్గాయి. అది ఆ ట్రయల్ ముఖ్య ప్రశ్న కాదు కాబట్టి దాన్ని పట్టుకుని అందరికీ పిక్సీ అనలేం. గర్భాలు మళ్లీ మళ్లీ పోతున్న జంట డాక్టరుతో చర్చించొచ్చు.

డే-3, డే-5

మూడో రోజు ఎంబ్రియోలో ఆరు నుంచి ఎనిమిది కణాలు ఉంటాయి. ఐదో రోజుకు అది బ్లాస్టోసిస్ట్ అవుతుంది: లోపల ద్రవం నిండిన ఖాళీ, ఒక పక్క బిడ్డ అయ్యే కణాల ముద్ద, చుట్టూ మాయ అయ్యే పొర. రిపోర్ట్‌లో 4ఏబీ లాంటివి రాస్తారే, అంకె ఎంత విచ్చుకుందో చెబుతుంది, మొదటి అక్షరం లోపలి ముద్ద, రెండోది బయటి పొర.

మూడో రోజు బాగా కనిపించినవాటిలో కొన్ని ఐదో రోజుకు చేరవు. అందుకే డే-5 ట్రాన్స్‌ఫర్‌లో ఒక్కోసారికి వచ్చే శాతం ఎక్కువ కనిపిస్తుంది, ఆగిపోయేవి ముందే జల్లెడ పడ్డాయి కదా. నెదర్లాండ్స్ ట్రయల్ ఈ చిక్కుముడిని చక్కగా విప్పింది. కనీసం నాలుగు ఎంబ్రియోలున్న 1,202 మంది మహిళలు, 2024లో వచ్చిన ఫలితం: తాజా ట్రాన్స్‌ఫర్‌లో డే-5కి 37 శాతం, డే-3కి 29.5 శాతం. అదే, ఫ్రోజెన్‌వి కూడా కలిపి చివరిదాకా లెక్కేస్తే 58.9, 58.4. రెండూ ఒకటే. డే-5 వాళ్లకు గర్భస్రావాలు తగ్గాయి, బిడ్డ చేతికి రావడానికి తక్కువ ట్రాన్స్‌ఫర్లు పట్టాయి. నెల తక్కువ కాన్పులు కొంచెం పెరిగాయి.

నాలుగైదు మంచి ఎంబ్రియోలుంటే నా ఓటు డే-5కే, అనవసరమైన ట్రాన్స్‌ఫర్లు, వాటితో వచ్చే రెండు వారాల ఎదురుచూపులు తగ్గుతాయి కాబట్టి. ఒకటో రెండో ఉన్నప్పుడు ఏరుకోవడానికి ఏముంది? అప్పుడు డే-3న పెట్టించుకుంటే వెనకబడినట్టేమీ కాదు. ఐదో రోజు ఫోన్ వచ్చి "ఏమీ మిగల్లేదమ్మా" అని వినే అవకాశం ఎంతో ముందే అడిగి నిర్ణయించుకోండి. కొందరికి ఆ సంగతి ముందే తేలిపోవడమే మేలనిపిస్తుంది, ఇంకొందరికి ట్రాన్స్‌ఫర్ దాకా వెళ్లడమే ముఖ్యం.

తాజాగా పెట్టాలా, ఫ్రీజ్ చేయాలా?

ఈ ప్రశ్నకు జవాబు మనిషిని బట్టి మారుతుంది, అదీ గట్టి ఆధారాలతో.

పాత స్లో ఫ్రీజింగ్‌లో కణాల్లోని నీరు మంచు ముక్కలై గుచ్చుకుని చాలా ఎంబ్రియోలు చనిపోయేవి. విట్రిఫికేషన్‌లో గాఢమైన రక్షక ద్రవంలో ముంచి, సన్నటి పట్టీ మీద ఒక చుక్కకంటే ఎంతో చిన్న బొట్టులో పెట్టి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి క్షణంలో దించుతారు. మంచు ముక్క కట్టే వ్యవధే ఉండదు, గాజులా గడ్డకడుతుంది. ఇది స్థిరపడ్డాకే "అన్నీ ఫ్రీజ్ చేద్దాం" అనే మాట అందరికీ వర్తించే సలహాలా మారింది.

పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న చిన్న అండం తిత్తులు ఎక్కువై నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్న 1,508 మంది మీద చైనాలో జరిగిన ట్రయల్ 2016లో వచ్చింది. ఫ్రోజెన్‌తో 49.3 శాతం మందికి బిడ్డ పుట్టింది, తాజాతో 42 శాతం మందికి. అంతకన్నా పెద్ద విషయం, అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ఓహెచ్‌ఎస్‌ఎస్ 7.1 నుంచి 1.3 శాతానికి పడిపోయింది. అదే ఊపులో అందరికీ ఫ్రీజ్ చేద్దామనుకుంటుంటే 2018లో ఇంకో ట్రయల్ వచ్చింది. నెలసరి సక్రమంగా ఉన్న 2,157 మందిలో ఫ్రోజెన్ 48.7, తాజా 50.2 శాతం. తేడా లేదు. అదే ఏడాది వియత్నాంలో పీసీఓఎస్ లేని 782 మందిలో కూడా అంతే.

పీసీఓఎస్ ఉంటేనో, అండాలు మరీ ఎక్కువ వచ్చి ఈస్ట్రోజన్ బాగా పెరిగితేనో, గర్భసంచి లోపలి పొర సరిగా లేకపోతేనో, ట్రాన్స్‌ఫర్‌కి ముందే ప్రొజెస్టెరాన్ పెరిగిపోతేనో ఫ్రీజ్ చేయించండి. ఇది రెండో కుప్పలోది, ప్రాణభద్రత సంగతి. అవేమీ లేకపోతే తాజాగా పెట్టించుకోవడంలో నష్టం లేదు, నెలా రెండు నెలలు కలిసొస్తాయి.

ఫ్రోజెన్ అనగానే ఇంకో ఎంపిక దాని వెనకే ఉంది, దాన్ని ఫారంలో చాలామంది గమనించరు. ట్రాన్స్‌ఫర్‌కి పొరను మాత్రలతో సిద్ధం చేస్తారా, మీ సొంత సైకిల్‌లో అండం విడుదలయ్యాక పెడతారా? మాత్రల పద్ధతిలో తేదీ డాక్టరు చేతిలో ఉంటుంది, స్కాన్లు తక్కువ. కానీ అండం విడుదల కాదు కాబట్టి, విడుదలైన చోట అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం అనే గ్రంథి ఏర్పడదు. అది ఇచ్చే హార్మోన్లు గర్భం తొలి వారాల్లో రక్తనాళాలు సర్దుకోవడానికి సాయపడతాయి. మాత్రల సైకిళ్లలో గర్భిణికి బీపీ పెరగడం, ప్రీఎక్లాంప్సియా (బీపీతో పాటు ఇతర అవయవాలూ దెబ్బతినే ప్రమాదకర స్థితి) ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశీలనల్లో పదే పదే బయటపడింది. 2016 పీసీఓఎస్ ట్రయల్‌లో కూడా ఫ్రోజెన్ వైపు ప్రీఎక్లాంప్సియా 4.4 శాతం, తాజా వైపు 1.4. నెలసరి క్రమంగా వచ్చేవాళ్లు, ముఖ్యంగా బీపీ భయం ఉన్నవాళ్లు, "నేచురల్ సైకిల్‌లో పెట్టగలరా" అని తప్పకుండా అడగాలి. స్కాన్‌కి నాలుగుసార్లు ఎక్కువ తిరగడం పెద్ద విషయం కాదు.

జన్యు పరీక్ష: ఎవరికి, ఎందుకు?

ముందు ఒక గీత గీసుకుందాం. ఇంట్లో తలసీమియా లాంటి ఫలానా జబ్బు ఉందని తెలిసి, దాని కోసం ఎంబ్రియోను పరీక్షించడం వేరు. దాని ఉపయోగం మీద వాదన లేదు. ఇక్కడ మాట్లాడేది క్రోమోజోముల సంఖ్య సరిగా ఉందో లేదో చూసే పీజీటీ-ఏ గురించి.

దీని చరిత్రే ఒక హెచ్చరిక. మొదట్లో మూడో రోజు ఎంబ్రియోలోంచి ఒక కణం తీసి చూసేవారు. 2007లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ట్రయల్‌లో 35 నుంచి 41 ఏళ్ల 408 మంది ఉన్నారు. పరీక్ష చేసినవాళ్లలో గర్భం నిలిచింది 25 శాతానికి, చేయనివాళ్లలో 37 శాతానికి. సాయం చేస్తుందనుకున్నది చెరుపు చేసింది. అప్పటికే ఎన్నో చోట్ల దాన్ని మామూలుగా వాడుతున్నారు.

ఇప్పుడు ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ బయటి పొరలోంచి ఐదు నుంచి పది కణాలు తీస్తారు. హాని తగ్గింది. అయినా ఆ కణాలు మాయ అయ్యే వైపువి, బిడ్డ అయ్యే ముద్దలోవి కావు. ఒకే ఎంబ్రియోలో మంచి కణాలూ తేడా కణాలూ కలిసి ఉండొచ్చు, దాన్నే మొజాయిక్ అంటారు. ఇటలీలో అలాంటి 18 ఎంబ్రియోలను పెడితే ఆరుగురు ఆరోగ్యమైన పిల్లలు పుట్టారని 2015లో ప్రచురించారు. అంటే పరీక్షలో తేడా అని రాసిన ప్రతిదీ పనికిరానిది కాదు.

పెద్ద ట్రయల్స్ రెండు. 2019లో వచ్చిన 661 మంది ట్రయల్‌లో ట్రాన్స్‌ఫర్ లెక్కన గర్భం నిలిచింది పరీక్ష చేయించుకున్నవాళ్లలో 50, చేయించుకోనివాళ్లలో 46 శాతానికి, లెక్కలోకి వచ్చే తేడా లేదు. 35 దాటినవాళ్లలో ట్రాన్స్‌ఫర్ లెక్కన చూస్తే 51, 37 అని పెద్ద తేడా కనిపించింది, మొదలుపెట్టినవాళ్లందరి మీద లెక్కేస్తే అది నిలవలేదు. 2021లో చైనా నుంచి వచ్చిన ట్రయల్‌లో 37 ఏళ్ల లోపు, కనీసం మూడు మంచి బ్లాస్టోసిస్టులున్న 1,212 మంది ఉన్నారు. చివరిదాకా లెక్కేస్తే పరీక్ష చేయించుకున్నవాళ్లలో 77.2 శాతానికి, చేయించుకోనివాళ్లలో 81.8 శాతానికి బిడ్డ పుట్టింది. పరీక్ష వైపు గర్భస్రావాలు తక్కువ.

ముప్పై ఐదు లోపు, తొలి సైకిల్, మంచి ఎంబ్రియోలు ఉన్నాయంటే ఈ గడి ఖాళీగా వదిలేయమనే నేను అంటాను. వయసు నలభై దగ్గరపడి, ఎంబ్రియోలు నాలుగైదు ఉండి, ఇంకో గర్భస్రావం తట్టుకునే ఓపిక లేదనుకునేవాళ్లకు దీన్ని ఎంచుకోవడంలో అర్థముంది, పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందని కాకుండా దారిలో దెబ్బలు తగ్గుతాయని తెలిసి ఎంచుకుంటే. అదే వయసులో చేతిలో ఉన్నది ఒక్కటే ఎంబ్రియో అయితే పరీక్ష చెప్పేది "పెట్టాలా, పారేయాలా" అన్నదే. ఆ ఒక్కదాన్ని పెట్టి చూడటమే చాలామందికి మేలు.

త్వరగా తేలిపోయేవి

గర్భసంచి పొరను గీకడం ఒకప్పుడు ఊరూరా చేశారు. 2019లో 1,364 మంది ట్రయల్‌లో గీకినా గీకకపోయినా బిడ్డ పుట్టింది 26.1 శాతానికే. వద్దనేయండి. ట్రాన్స్‌ఫర్‌కి సరైన గంట చెబుతామనే ఈఆర్‌ఏ పరీక్ష మీద 2022 ట్రయల్‌లో దాని ప్రకారం టైమ్ మార్చినవాళ్లలో 58.5 శాతానికి, మార్చనివాళ్లలో 61.9 శాతానికి బిడ్డ పుట్టింది. దీన్నీ వద్దనొచ్చు. కెమెరా ఉన్న టైమ్‌ల్యాప్స్ ఇంక్యుబేటర్ మీద 2024లో వచ్చిన 1,575 మంది ట్రయల్‌లో కూడా బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదు. తలుపు తీయకుండా ఎంబ్రియోను చూడటం ల్యాబ్‌కి సౌకర్యమే, దానికి మీరు వేరే డబ్బు కట్టాలా అన్నది ప్రశ్న.

ఏఐ ఎంబ్రియో ఎంపిక గురించి ప్రకటనలు జోరుగా ఉన్నాయి. 2024లో 1,066 మంది మీద వచ్చిన ట్రయల్‌లో కంప్యూటర్ ఎంచితే 46.5 శాతం, ఎంబ్రియాలజిస్ట్ ఎంచితే 48.2 శాతం గర్భాలు వచ్చాయి. కంప్యూటర్ మనిషికి తీసిపోదని కూడా అది నిరూపించలేకపోయింది. పని మాత్రం సుమారు పదింతలు త్వరగా అయింది.

ఒకటా, రెండా?

రెండు పెడితే అవకాశం రెట్టింపని అందరూ అనుకుంటారు. 2004లో స్కాండినేవియా నుంచి వచ్చిన ట్రయల్‌లో 36 ఏళ్ల లోపు 661 మందిలో ఒకేసారి రెండు పెట్టినప్పుడు 42.9 శాతానికి బిడ్డ పుట్టింది. ఒకటి పెట్టి, అది నిలవకపోతే ఫ్రీజ్ చేసిన ఇంకొకటి పెట్టినప్పుడు 38.8. తేడా చిన్నదే. కవలలు మాత్రం 33.1 శాతం ఒక వైపు, 0.8 శాతం ఇంకో వైపు. కవలలంటే ముచ్చటే, నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉండే వారాల గురించి మాత్రం ఆ ముచ్చటలో ఎవరూ మాట్లాడరు. అప్పటి ఫ్రీజింగ్ పాతది. ఇప్పటి విట్రిఫికేషన్‌తో ఒక్కొక్కటిగా పెట్టించుకోవడానికి కారణం ఇంకా బలపడింది.

ల్యాబ్‌ను ఎలా పోల్చాలి?

ఫారంలో ఎక్కడా గడి లేని విషయం ఇదే, ఫలితాన్ని ఎక్కువ మార్చేదీ ఇదే. ఎంబ్రియోలను 5 శాతం ఆక్సిజన్‌లో పెంచుతున్నారా? మామూలు గాలిలో ఉండే 20 శాతం కన్నా అది మేలని ట్రయల్స్ కలిపి చూసినప్పుడు తేలింది. ఏ ద్రవంలో పెంచుతున్నారో కూడా చిన్న సంగతి కాదు: నెదర్లాండ్స్‌లో 2016లో రెండు కల్చర్ ద్రవాలను పోల్చితే పిల్లల బరువులో సగటున 158 గ్రాముల తేడా వచ్చింది.

2017లో వియన్నాలో ఎంబ్రియాలజీ నిపుణులు కూర్చుని ల్యాబ్‌లకు కొన్ని గీటురాళ్లు పెట్టారు. ఇక్సీ తర్వాత సరైన ఫలదీకరణ కనీసం 65 శాతం ఉండాలి, మంచి ల్యాబ్ 80 అందుకోవాలి. ఫలదీకరణ అయినవాటిలో బ్లాస్టోసిస్ట్ దాకా చేరేవి కనీసం 40, మంచి చోట 60. ఫ్రీజ్ చేసి కరిగించాక బతికే బ్లాస్టోసిస్టులు కనీసం 90, మంచి చోట 99. ఇక్సీలో చితికిపోయే అండాలు పదికి మించకూడదు, మంచి చోట ఐదు. రెండు క్లినిక్‌ల మధ్య తేల్చుకోలేకపోతే ఈ నాలుగు అంకెలూ, వాటితోపాటు శాంపిల్స్ తారుమారు కాకుండా ప్రతి మెట్టు దగ్గర ఇద్దరు చూసి సంతకం పెడతారా లేక ఎలక్ట్రానిక్ ట్యాగ్ ఉందా అన్నదీ అడగండి. ల్యాబ్ హెడ్ ప్రతి నెలా చూసుకునే లెక్కలే ఇవి. వయసు గ్రూపులవారీగా, గత ఏడాదివి ఇమ్మనండి. ఇవ్వని చోట ఇక్సీకి, టైమ్‌ల్యాప్స్‌కి టిక్ పెట్టడం గురించి తర్వాత ఆలోచించొచ్చు.